రాని మనిషికి దాచిన తిండి

(మా భూగోళం మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారి పేరు మీద ఏటేటా జరిగే ఈ సభలో ఈసారి నువ్వు మాట్లాడాలి అని కబురొచ్చినప్పుడు నా కళ్ళముందు మొదట మెదిలింది ఆయన గ్లోబు. తొమ్మిదో తరగతి గదిలో బీరువా మీద ఉండేది. రేకు గ్లోబు. బ్రెజిల్ దగ్గర సొట్ట. ఇనప కాడకి దాన్ని బిగించిన నట్టు సరిగ్గా అడుగున ఉండేది కాబట్టి మాకు తెలిసినంతవరకు భూమి అడుగున ఉన్నది ఆ నట్టే. ఒకరోజు వెనక బెంచీవాడెవడో "దాని కింద ఏముంది మాస్టారూ?" అనడిగాడు. వెటకారానికే అడిగాడనుకుంటాను. ఆయన మాత్రం జేబులోంచి అర్ధరూపాయి బిళ్ళ తీసి, దానితోనే మర ఊడదీసి, గ్లోబుని తలకిందులు చేసి బల్ల మీద పెట్టారు. తెల్లటి మచ్చ, మధ్యలో కన్నం. "ఈ కన్నం దగ్గరికి చేరడానికిరా జనం చచ్చింది" అన్నారు.

ఆ రోజు లెక్కల పీరియడు కూడా ఆయనే తినేశారు. అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ కథ చెప్పారు. ఓడ మంచులో ఇరుక్కోవడం, నలిగి మునిగిపోవడం, చిన్న పడవలో మహాసముద్రం దాటడం. చివర్లో వేలెత్తి చూపిస్తూ, "ఇరవై ఎనిమిది మంది. రెండేళ్ళు. ఒక్కడు చావలేదు" అన్నారు. చాలా ఏళ్ళపాటు నేను ఆ మాట పట్టుకుని తిరిగాను. నాకు ఉద్యోగం వచ్చాక నా విద్యార్థులకీ అదే చెప్పాను.

తర్వాత తెలిసింది, ఆ లెక్క సగమేనని. మాస్టారు బతికుండగానే ఒకసారి ఇంటికెళ్ళి మిగతా సగం ఆయనకి చెప్పాను. వాలుకుర్చీలో కూర్చుని విన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను అందరికీ తప్పు పాఠం చెప్పానన్నమాట" అన్నారు. తప్పేమీ లేదు మాస్టారూ, అందరూ అలాగే చెబుతారు అన్నాను. "ఎప్పుడైనా వీలైతే సరిదిద్దు" అన్నారు. ఈరోజు వీలైంది.

సంగతేమిటంటే, 1914లో షాకిల్టన్ ఒక ఓడతో బయల్దేరలేదు. రెండు ఓడలు. దక్షిణ ధ్రువాన్ని అప్పటికే 1911 డిసెంబరు 14న నార్వే మనిషి అముండ్‌సెన్ చేరాడు. నెల తర్వాత చేరిన స్కాట్, అతని నలుగురు తోటివాళ్ళు తిరిగొచ్చే దారిలో చనిపోయారు. ఇక మిగిలిన పెద్ద పని ఒకటే అనుకున్నాడు షాకిల్టన్: ఖండాన్ని ఈ తీరం నుంచి ఆ తీరానికి, ధ్రువం మీదుగా, అడ్డంగా దాటడం. సుమారు 2,900 కిలోమీటర్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మాస్టారైతే బోర్డు మీద వేసేవారు. ఆ చలిలో బండి లాగే మనిషికి రోజుకి దాదాపు కిలో ఎండు తిండి కావాలి. ఎండబెట్టి పొడిచేసిన మాంసంలో కొవ్వు కలిపిన పెమ్మికన్, గట్టి బిస్కెట్లు, చక్కెర. దానికి తోడు మంచు కరిగించుకోవడానికి కిరసనాయిలు. అక్కడ నీళ్ళు కావాలన్నా నూనె కాలాల్సిందే. మూడు నాలుగు నెలల ప్రయాణానికి ఇదంతా మొదటిరోజే బండికెత్తితే బండి కదలదు. అందుకని ఆవలి తీరం నుంచి ఇంకో గుంపు ఎదురొచ్చి, దారి పొడవునా తిండీ నూనే పాతిపెట్టి, పైన జెండాకర్ర గుచ్చి పోవాలి. వీటిని డిపోలు అనేవారు. కాలినడకన కొండకి పోయేవాళ్ళ కోసం ముందు ఊళ్ళో ఎవరో మజ్జిగ పందిరి వేసి కూర్చుంటారు చూడండి, ఆ పనే. కాకపోతే ఇక్కడ పందిరి వేసేవాడే వందల కిలోమీటర్లు నడవాలి, వేసి మళ్ళీ అంతా వెనక్కి నడవాలి.

షాకిల్టన్ ఎక్కిన ఎండ్యూరెన్స్ ఓడ వెడ్డెల్ సముద్రం వైపు వెళ్ళింది. డిపోలు పెట్టేవాళ్ళ ఓడ అరోరా, ఆస్ట్రేలియా వైపు నుంచి రాస్ సముద్రానికి వెళ్ళింది. ఈ రెండు ఓడల్లో ఇద్దరు అన్నదమ్ములున్నారు. అన్న ఫ్రాంక్ వైల్డ్ షాకిల్టన్‌కి కుడిభుజం. 1901 నుంచీ అంటార్కిటికాకి వస్తూ పోతూ ఉన్నవాడు. తమ్ముడు ఎర్నెస్ట్ వైల్డ్ బ్రిటిష్ నౌకాదళ మనిషి, అరోరా వైపు సరుకుల లెక్క చూసేవాడు. అన్నకి మొదటి నుంచీ పేరుంది. తమ్ముడి పేరు ధ్రువయాత్రల పుస్తకాలు పనిగట్టుకుని చదివేవాళ్ళకి తప్ప తెలియదు. ఖండానికి చెరోవైపు ఉన్న వీళ్ళిద్దరి మధ్య వైర్‌లెస్ లేదు, ఉత్తరం లేదు. ఒకడు బతికున్నాడో లేదో ఇంకొకడికి తెలిసే దారి లేదు.

ముందు అన్న సంగతి. ఇది మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి మొదటి భాగం గబగబా చెప్పేస్తాను. ఎండ్యూరెన్స్ 1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా దీవి వదిలింది. జనవరిలో, తీరం ఇక ఒకరోజు దూరం ఉందనగా, మంచు పట్టేసింది. మంచుతోపాటే పది నెలలు కొట్టుకుపోయింది. 1915 అక్టోబరు 27న ఓడ వదిలి మంచు మీదికి దిగారు. నవంబరు 21న ఓడ మునిగింది. ఈ తేదీ ఒక్కటి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మంచుపలకల మీదే డేరాలు వేసుకుని ఐదు నెలలు గడిపారు. పలకలు విరిగిపోయాక మూడు చిన్న పడవల్లో 1916 ఏప్రిల్ 15న ఎలిఫెంట్ దీవి చేరారు. గట్టి నేల మీద కాలు పెట్టి అప్పటికి 497 రోజులు.

ఆ దీవికి ఎవరూ రారు. అందుకని షాకిల్టన్ ఐదుగురిని తీసుకుని, ఉన్నవాటిలో పెద్ద పడవలో, ఏప్రిల్ 24న దక్షిణ జార్జియాకి బయల్దేరాడు. ఆ పడవకి పైకప్పు వేసింది మెక్‌నిష్ అనే వడ్రంగి. చెక్క చాలక, గడ్డకట్టిన కాన్వాసుని పొయ్యి మీద కాచి కాచి మెత్తబరిచి కుట్టించాడు. సందుల్లో దీపం వత్తులు కూరి, బొమ్మలేసేవాడి రంగులూ సీలు నెత్తురూ కలిపి మెత్తాడు. ఆ పడవ పదహారు రోజులు మునగకుండా నిలిచిందంటే సగం పుణ్యం ఆ చేతులది. ఆ వడ్రంగికి తర్వాత ధ్రువపతకం ఇవ్వనివ్వలేదు షాకిల్టన్. మంచు మీద ఒకరోజు ఎదురు మాట్లాడాడని కోపం. నాకు షాకిల్టన్ అంటే ఎంత గౌరవమున్నా ఈ ఒక్క విషయం మింగుడు పడదు.

ఎలిఫెంట్ దీవిలో ఇరవై ఇద్దరు మిగిలారు. వాళ్ళ పెద్ద ఫ్రాంక్ వైల్డ్. పడవ ప్రయాణం మీద బోలెడు పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. దీవి మీద జరిగినదాన్ని సినిమా తీయడం కష్టం, ఎందుకంటే అక్కడ ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా నాలుగు నెలలు గడిచాయి.

మిగిలిన రెండు పడవల్ని రాళ్ళగోడల మీద బోర్లించి, చుట్టూ డేరా గుడ్డలు కట్టారు. అదే ఇల్లు. లోపల నిటారుగా నిలబడలేరు. పొద్దస్తమానం చీకటి. సార్డీన్ చేపల రేకు డబ్బాలో సీలు కొవ్వు పోసి, కట్టుకట్టే గుడ్డని వత్తి చేసి వెలిగించేవారు. దాని పొగకి ఇరవై ఇద్దరి మొహాలూ మసిబారిపోయాయి. రాత్రిళ్ళు ఒంటేలుకి బయటికి పోలేరు కాబట్టి లోపలే ఒక పెట్రోలు డబ్బా పెట్టుకున్నారు. ఎవడి వంతులో అది అంచుదాకా వస్తుందో వాడు మంచుగాలిలోకి పోయి పారబోసి రావాలి, అది నిబంధన. ఇక చూడండి, నిద్ర నటిస్తూ డబ్బాలో చప్పుడు వింటూ లెక్కలు కట్టుకునేవారట, ఇంకొకడు లేచి నింపేదాకా బిగబట్టుకుని. హాస్టల్లో ఉన్నవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు.

ఇంకో సంగతి. మార్స్టన్ అనే చిత్రకారుడి దగ్గర ఒక చవక వంటల పుస్తకం ఉంది. రోజూ రాత్రి అందులోంచి ఒక్క వంటకం చదివేవాడు. ఒక్కటే. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని విని, దానిలో ఇంకేం వెయ్యాలి, ఏది తగ్గించాలి అని వాదించుకునేవారు. పగలంతా పెంగ్విన్ మాంసమూ సీలు మాంసమూ తిన్నవాళ్ళు రాత్రి పుడ్డింగు గురించి పోట్లాడుకున్నారు. వాళ్ళు ఒక్కొక్కటే చదువుకోవడం నాకు భలే నచ్చింది. పుస్తకం ఒక్కరాత్రిలో అయిపోతే మర్నాటికి ఏం మిగులుతుంది?

జూన్ 15న పెర్స్ బ్లాక్‌బరో అనే కుర్రవాడికి ఆపరేషన్ చేశారు. ఇతను బ్వేనస్ ఎయిరెస్‌లో ఓడలో దాక్కుని వచ్చినవాడు. ఎడమకాలి వేళ్ళు మంచుకి చచ్చుబడిపోయాయి, తీసెయ్యాలి. గుంపులో ఇద్దరు డాక్టర్లున్నారు, కాస్త క్లోరోఫాం కూడా ఉంది. కాకపోతే చలిలో క్లోరోఫాం ఆవిరవదు. అందుకని మిగతావాళ్ళని బయటికో మూలకో పంపి, పెంగ్విన్ చర్మాలు పొయ్యిలో కుక్కి కుక్కి ఆ గూటిని వేడెక్కించారు. డాక్టర్ మాక్లిన్ మత్తిచ్చాడు, డాక్టర్ మెకిల్‌రాయ్ కోశాడు. ఫ్రాంక్ వైల్డ్ పక్కనే నిలబడ్డాడు. ఐదు వేళ్ళూ పోయాయి, ప్రాణం నిలిచింది.

ఫ్రాంక్ వైల్డ్ రోజూ పొద్దున్నే చేసిన పని ఒకటుంది. లేవగానే అందరి చేతా పక్కబట్టలు చుట్టించేవాడు. ఈరోజు బాస్ వస్తాడేమో, సామాను సర్దుకోండి అని. బాస్ అంటే షాకిల్టన్. నూటపాతిక రోజులకు పైగా ఇదే మాట. సరుకుల లెక్క చూసే ఆర్డ్-లీస్ అనే ఆయనకి ఇది ఒళ్ళుమంట. చలికాలానికి పెంగ్విన్ మాంసం ఎక్కువగా దాచుకుందామని ఆయన, వద్దని వైల్డ్. ఎక్కువ దాస్తే, ఎవరూ రారని మనమే ఒప్పుకున్నట్టవుతుందని వైల్డ్ లెక్క. రాకపోతే ఆకలితో చస్తామని ఆయన లెక్క. చదివినప్పుడల్లా నాకు ఆర్డ్-లీస్ చెప్పిందే సబబుగా అనిపిస్తుంది. ఓడ వచ్చేసరికి వాళ్ళ దగ్గర మాంసం కొన్ని రోజులకే ఉంది. ఇంకో రెండువారాలు ఆలస్యమైతే వైల్డ్ గురించి మనం ఇంకోలా మాట్లాడుకునేవాళ్ళం. గెలిచినవాడి మొండితనాన్ని ధైర్యం అంటాం.

1916 ఆగస్టు 30 మధ్యాహ్నం. వైల్డ్ అన్నాలు వడ్డిస్తున్నాడు, అన్నమంటే సీలు ఎముకల పులుసు. బయటి నుంచి మార్స్టన్ ఓడ ఓడ అని కేకేశాడు. గిన్నెలు తన్నుకుంటూ, గుడ్డగోడ చించుకుంటూ బయటపడ్డారు. చిలీ దేశపు చిన్న ఓడ యెల్చో, కెప్టెన్ లూయిస్ పార్డో. షాకిల్టన్ చేసిన నాలుగో ప్రయత్నం అది. ముందు మూడుసార్లూ మంచు అడ్డుపడింది. పడవలో నిలబడి ఒడ్డున ఉన్న తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండూ ఉన్నాయి. గంటలో అందరూ ఓడెక్కేశారు. పక్కబట్టలు ఆ పొద్దున కూడా చుట్టే ఉన్నాయి.

మాస్టారు చెప్పిన పాఠం ఇక్కడితో ఆగేది. ఇప్పుడు తమ్ముడి వైపుకి పోదాం.

అరోరా 1915 జనవరిలో రాస్ దీవి చేరింది. నాయకుడు మాకింటాష్, ఒంటికన్ను మనిషి. ఏడేళ్ళ కింద షాకిల్టన్‌తో వచ్చినప్పుడే ఓడ మీద ప్రమాదంలో కుడికన్ను పోగొట్టుకున్నాడు. షాకిల్టన్ ఆ వేసవిలోనే బయల్దేరి వచ్చేస్తాడేమో అన్న కంగారుతో, కుక్కల్ని అలవాటు కూడా పడనివ్వకుండా వెంటనే బయల్దేరదీశాడు. 80వ అక్షాంశం దాకా డిపోలు పెట్టారు గానీ వెంట తీసుకెళ్ళిన కుక్కలన్నీ చచ్చాయి. ఈ తొందర మాకింటాష్ తప్పే. కుక్కల్ని మిగుల్చుకుందామని జాయిస్ అనే పాతకాపు నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు.

మే 6 రాత్రి తుపాను లేచింది. కేప్ ఇవాన్స్ దగ్గర లంగరు వేసి, ఇనప తాళ్ళతో కట్టిన ఓడ తెల్లారేసరికి లేదు. తాళ్ళు తెగిపడి ఉన్నాయి. ఒడ్డున పదిమంది. బట్టలు, తిండి, నూనె, చాలామటుకు ఓడలోనే ఉండిపోయాయి. ఓడ మంచులో ఇరుక్కుని నెలల తరబడి కొట్టుకుపోయి 1916 ఏప్రిల్‌లో న్యూజిలాండ్ చేరింది, కానీ అది వీళ్ళకి తెలియదు. మునిగిందనే అనుకోవాలి.

ఆ పదిమంది ముందు రెండు దారులున్నాయి. ఒకటి, స్కాట్ వదిలిపోయిన చెక్కగుడిసెలో కూర్చుని, సీళ్ళని చంపి తింటూ, ఎవరైనా వచ్చేదాకా బతకడం. అది చేతకాని పనేమీ కాదు. రెండోది, అయినా డిపోలు పెట్టడం. అవతలి నుంచి షాకిల్టన్ బయల్దేరి ఉంటాడు. మనం తిండి పెట్టకపోతే అతను, అతని వెంట వచ్చే ఐదుగురూ దారిలో చస్తారు. ఇది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో పొరపాటు లేదు, వాళ్ళకి తెలిసినదాన్ని బట్టి.

బట్టల్లేవు కాబట్టి, స్కాట్ గుంపు వదిలేసిన పాత డేరా గుడ్డని కత్తిరించి జాయిస్ పంట్లాలు కుట్టాడు. పొగాకు అయిపోయింది. నౌకాదళం మనిషికి పొగ లేకపోతే ఎలా? ఎర్నెస్ట్ వైల్డ్ టీ పొడి, కాఫీ, రంపపు పొట్టు, విరేచనాలకి వాడే సెన్నా ఆకు కలిపి ఒక పొగాకు తయారుచేశాడు. దానికి హట్ పాయింట్ మిక్శ్చర్ అని పేరు కూడా పెట్టారు. అది కాల్చినవాళ్ళు ఏమన్నారో నేను ఈ సభలో చెప్పను.

ఒకణ్ణి గుడిసెలో ఉంచి, 1915 సెప్టెంబరులో మళ్ళీ బయల్దేరారు. మిగిలినవి నాలుగే కుక్కలు: ఆస్కార్, కాన్, గన్నర్, టౌజర్. ఒక్కో అక్షాంశానికి ఒక్కో డిపో. అక్షాంశానికి అక్షాంశానికి మధ్య 111 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు విజయవాడ నుంచి తాడేపల్లిగూడెం. ఆ దూరం ఒకసారి నడిస్తే అయిపోదు. బరువంతా ఒక్కసారి లాగలేరు కాబట్టి సగం లాగి, దించి, వెనక్కొచ్చి, మిగతా సగం లాగాలి. ముందుకి ఒక మైలు పోవడానికి మూడు మైళ్ళు. మధ్యలో ఒక స్టవ్ పాడైతే ముగ్గుర్ని వెనక్కి పంపేశారు. మిగిలినవాళ్ళు ఆరుగురు: మాకింటాష్, జాయిస్, ఎర్నెస్ట్ వైల్డ్, హేవర్డ్, స్పెన్సర్ స్మిత్ అనే పాదిరీ, రిచర్డ్స్ అనే ఇరవై రెండేళ్ళ ఫిజిక్స్ మాస్టారు.

అప్పటికే స్కర్వీ మొదలైంది. తాజా తిండి లేక, విటమిన్ సి లేక వచ్చే జబ్బు. చిగుళ్ళు నల్లబడి ఉబ్బుతాయి, మోకాళ్ళు బిగుసుకుని కాళ్ళు చాపలేరు, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ విచ్చుకుంటాయి. గుప్పెడు ఉసిరికాయలుంటే తప్పేది. తాజా సీలు మాంసం తింటే తగ్గుతుందని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. కానీ తీరానికి వందల కిలోమీటర్ల లోపల, ఒట్టి మంచు మీద, సీళ్ళు ఉండవు.

స్పెన్సర్ స్మిత్ నడవలేక పడిపోయాడు. అతన్ని ఒక్కణ్ణీ ఒక డేరాలో పడుకోబెట్టి, తిండి పక్కన పెట్టి, మిగిలిన ఐదుగురు ముందుకి పోయారు. బియర్డ్‌మోర్ హిమనదం మొదట్లో, మౌంట్ హోప్ అనే కొండ దగ్గర, 83వ అక్షాంశం దాటాక, 1916 జనవరి 26న ఆఖరి డిపో పెట్టారు. అనుకున్నది అనుకున్నట్టు, చివరి సంచి దాకా.

ఇందాక గుర్తుంచుకోమన్న తేదీ ఇప్పుడు తీయండి. ఎండ్యూరెన్స్ మునిగింది 1915 నవంబరు 21న. మౌంట్ హోప్ దగ్గర ఆ తిండి పాతేనాటికి, ఎవరి కోసం పాతుతున్నారో ఆ మనిషి ఓడ రెండు నెలల ముందే సముద్రం అడుగున ఉంది. ఈ యాత్రలో షాకిల్టన్ ఖండం మీద ఒక్క అడుగు కూడా పెట్టలేదు.

మాస్టారికి ఈ ముక్క చెప్పినప్పుడే ఆయన కళ్ళజోడు తీసేశారు.

తిరుగు ప్రయాణంలో స్పెన్సర్ స్మిత్‌ని బండి మీద కట్టి లాగారు. తర్వాత మాకింటాష్ కాళ్ళూ పడిపోయాయి. ఫిబ్రవరి నడుమ, ముందున్న డిపోకి ఇంకా పదిమైళ్ళుందనగా, తుపాను పట్టుకుంది. డేరాలో ఐదారు రోజులు. తిండి అయిపోవచ్చింది. వాళ్ళకి స్కాట్ కథ తెలుసు. నాలుగేళ్ళ కింద ఇదే మంచు మీద, డిపోకి పదకొండు మైళ్ళ ఇవతల, తుపాను ఆగుతుందని డేరాలో చూస్తూ చూస్తూ చనిపోయాడు. ఇలాగే పడుకుంటే మనదీ అదే గతి అనుకుని, ఆ తుపానులోనే బయల్దేరారు. ఇద్దరు రోగుల్ని లాగడం సాధ్యం కాలేదు. అప్పుడు ఎర్నెస్ట్ వైల్డ్ నేనుంటాను వీళ్ళ దగ్గర అన్నాడు. జాయిస్, రిచర్డ్స్, హేవర్డ్, నాలుగు కుక్కలు డిపో వెతుక్కుంటూ పోయారు.

దాదాపు వారం. ఒక డేరా, ముగ్గురు మనుషులు, లేవగలిగినవాడు ఒక్కడు. అన్న ఎలిఫెంట్ దీవిలో ఇరవై ఒక్కమందిని కూర్చోబెట్టుకుని ఎదురుచూసే రోజులు ఇంకా రెండు నెలలున్నాయి. తమ్ముడు అంతకుముందే ఇద్దరితో ఆ పని చేశాడు. ఇతని దగ్గర వంటల పుస్తకం లేదు, పెంగ్విన్ మాంసమూ లేదు. పోయిన ముగ్గురూ డిపో కనుక్కోలేకపోతే, ఈ డేరా ఎక్కడుందో చెప్పేవాడే ఈ లోకంలో ఉండడు. కనుక్కున్నారు. తిండి పట్టుకుని వెనక్కొచ్చారు. కుక్కలు లేకపోతే కాళ్ళు ముందుకి పడేవి కావని తర్వాత రిచర్డ్స్ చెప్పాడు. అక్కడి నుంచి మళ్ళీ లాగుడు. హేవర్డ్ కూడా కూలబడ్డాడు. మాకింటాష్‌ని ఒకచోట డేరాలో వదిలి, ముందు స్పెన్సర్ స్మిత్‌ని చేర్చాలని చూశారు. మార్చి 9 తెల్లవారుజామున అతను పోయాడు. తీరంలో సీళ్ళుండే హట్ పాయింట్ ఇంకో రెండురోజుల దూరం. నలభై రోజులు అతన్ని మోశారు.

తర్వాత వెనక్కెళ్ళి మాకింటాష్‌నీ తెచ్చుకున్నారు. మిగిలిన ఐదుగురూ హట్ పాయింట్ చేరి, సీలు మాంసం తిని, కోలుకున్నారు. అక్కడ తీరిగ్గా ఉండొచ్చు. కానీ పెద్ద గుడిసె ఉన్న కేప్ ఇవాన్స్ ఇరవై కిలోమీటర్ల దూరం, మధ్యలో కొత్తగా గడ్డకట్టిన సముద్రం. మే 8న మాకింటాష్, హేవర్డ్ పోతామన్నారు. మంచు ఇంకా పల్చన, పోవద్దని మిగతావాళ్ళు చెప్పారు. వినలేదు. కాసేపటికి తుపాను వచ్చింది. తర్వాత అడుగుజాడల వెంట వెళ్ళి చూస్తే, అవి నీళ్ళ దగ్గర ఆగిపోయాయి. అంత కష్టం దాటొచ్చిన మనిషి ఇరవై కిలోమీటర్లకి తొందరపడడం ఏమిటని నాకు చాలాసార్లు అనిపించింది. ఓర్పు కూడా నూనెలాగా ఒక కొలతకి ఉంటుందేమో, తెలియదు.

ముగ్గురు పోయారు. రెండు గుంపులూ ఒక్క యాత్రవే, నాయకుడు ఒక్కడే, పథకం ఒక్కటే. అయినా "ఒక్కడు చావలేదు" అనే మాటే నిలిచింది. ఈ మధ్య మేనేజ్‌మెంట్ చదువుల్లో షాకిల్టన్‌ని నాయకత్వ పాఠంగా చెబుతున్నారట. ఒక కంపెనీ శిక్షణ తరగతికి నన్నూ పిలిచారు, తెర మీద అదే మాట పెద్ద అక్షరాల్లో. నేను చెయ్యెత్తి రాస్ సముద్రం సంగతి చెబితే, శిక్షణ ఇచ్చేవాడు మర్యాదగా నవ్వి తర్వాతి స్లైడుకి పోయాడు. ఆ ముగ్గురి పేర్లు వస్తే పాఠం చెడుతుంది, నిజమే. షాకిల్టన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1917 జనవరి 10న అరోరా మీద వాళ్ళని తీసుకురావడానికి అతనే వచ్చాడు. దిగి, ఎంతమంది అని అడిగాడు. పోయినవాళ్ళ సంఖ్యని ఓడకి తెలపడానికి ముందే ఒక సైగ అనుకున్నారు, మంచు మీద మనుషులు పడుకోవాలి. అలాగే పడుకుని చూపించారు. దూరం నుంచి ఓడవాళ్ళు లెక్కపెట్టుకున్నారు.

ఎలిఫెంట్ దీవి నుంచి అన్న బతికొచ్చాడన్న కబురు ఎర్నెస్ట్ వైల్డ్‌కి ఆ ఓడతోనే వచ్చింది. ఇద్దరూ బతికే ఉన్నారు. యూరప్‌లో యుద్ధం ఇంకా నడుస్తోంది. ఎర్నెస్ట్ మళ్ళీ నౌకాదళంలో చేరాడు. 1918 మార్చి 10న మాల్టాలో టైఫాయిడ్‌తో చనిపోయాడు. ఆ మంచు చంపలేనివాణ్ణి మనూళ్ళలో కూడా ఉండే జ్వరం తీసుకుపోయింది. రోగుల్ని లాగినందుకు 1923లో అతనికీ, హేవర్డ్‌కీ, జాయిస్, రిచర్డ్స్‌లకీ ఆల్బర్ట్ పతకం ప్రకటించారు. అప్పటికి మొదటి ఇద్దరూ లేరు.

రిచర్డ్స్ చాలాకాలం బతికాడు. ఆస్ట్రేలియాలో బల్లరాట్ అనే ఊళ్ళో ఒక కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకున్నాడు, ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యాడు. 1985లో పోయాడు. ఆ పదిమందిలో ఆఖరివాడు. ఆ డిపోలు వృథా కదా అని అడిగినవాళ్ళతో చివరిదాకా ఒప్పుకోలేదు. మాస్టారు బడిలో మాకు ఆ కథ చెబుతున్న రోజున ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది. ఈ సంగతి కూడా మాస్టారికి చెప్పాను. "అయ్యో, కార్డు ముక్క రాసేవాణ్ణి కదరా" అన్నారు.

ఆ తిండి సంచులు పాతింది రాస్ మంచుపలక మీద. ఆ పలక నిలిచి ఉండదు, ఏడాదికి కొన్ని వందల మీటర్లు సముద్రం వైపు జారుతూ ఉంటుంది. సంచులు, జెండాకర్రలు, కిరసనాయిలు డబ్బాలు, ఎవరూ విప్పనివి, దానితోపాటే జారుతూ పోతాయి.

కేప్ ఇవాన్స్‌లో స్కాట్ గుడిసె ఈనాటికీ నిలిచి ఉంది. అందులో రిచర్డ్స్ పడుకున్న మంచం పక్క చెక్కగోడ మీద పెన్సిలు రాత కనిపిస్తుంది. అతని పేరు, 1916 ఆగస్టు 14 అని తేదీ, ఇంతవరకు పోయినవాళ్ళు అని రాసి, కింద ముగ్గురి పేర్లు. మాకింటాష్‌ని మాక్ అనే రాశాడు. ఆ రాత రాసిన రోజున అన్న ఫ్రాంక్ వైల్డ్ ఇంకా ఎలిఫెంట్ దీవిలోనే ఉన్నాడు. ఆ పొద్దున కూడా పక్కబట్టలు చుట్టించే ఉంటాడు.